ప్రేమైనా తూచి పెట్టాలి!

దసరా మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి నాన్న మా గది తలుపు కొట్టారు. ‘‘అమ్మాయ్, లడ్డూగాడు అదోలా ఉన్నాడు. ఓసారి వచ్చి చూడు’’ అన్నారు. వెళ్లి చూస్తే వరండాలో మూడు చోట్ల వాంతులు. లడ్డూ ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి, దండం పెడుతూ మధ్యలో ఆగిపోయినట్టు నిలబడి ఉన్నాడు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు పరుగెత్తుకొచ్చేవాడు, నేను పేరు పెట్టి పిలిచినా తోక ఊపలేదు.

లడ్డూ మా ఇంటి ల్యాబ్రడార్. అయిదేళ్లవాడు. అమ్మ పోయిన ఆర్నెల్లకి తెనాలి నుంచి నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చేశాం. మేమిద్దరం ఆఫీసులకి, మావాడు స్కూలుకి వెళ్లిపోతే ఆయన ఒక్కరే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేవారు. అప్పుడు వచ్చాడు వీడు. వచ్చిన వారంలోనే నాన్న మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు, మాతో కాదు, వాడితో. అందుకే ఆ పొద్దున నాకు రెండు భయాలు. ఒకటి వాడి గురించి, రెండోది ఆయన గురించి.

ఆస్పత్రిలో రక్తపరీక్ష, స్కానింగ్ చేశారు. ‘‘పాంక్రియాటైటిస్. క్లోమం వాచింది’’ అన్నారు డాక్టరుగారు. ఆ వింత భంగిమ కడుపునొప్పికి గుర్తట. తిన్నది అరిగించే ఎంజైములు క్లోమంలో తయారై పేగులోకి వెళ్లాలి. వాపు వస్తే అవి అక్కడే పనిచేయడం మొదలుపెట్టి క్లోమాన్నే అరిగించేస్తాయి. లావుగా ఉన్న కుక్కల్లో ఈ ముప్పు ఎక్కువ. దాని మీద ఒక్కసారిగా కొవ్వు తినిపిస్తే, అగ్గికి ఆజ్యం పోసినట్టే.

‘‘నిన్న ఏం పెట్టారు?’’ అని అడిగారాయన. నేను నాన్న వంక చూశాను. నాన్న నేల వంక చూశారు. పండగకి మటన్ తెచ్చాం. కూరలోకి పనికిరాదని తీసేసిన కొవ్వంతా ఉడికించి, అన్నంలో కలిపి లడ్డూకే పెట్టాం. వచ్చిన చుట్టాలు తలో ముక్కా వేశారు. పండగ కదా, వాడికి మాత్రం ఉండదా అనుకున్నాం.

కప్పు అంటే ఏ కప్పు?

నాలుగు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. బిల్లు 22 వేలు దాటింది. ఇంటికి పంపేరోజు డాక్టరుగారు వాడిని బరువు మిషన్ ఎక్కించారు. 41 కిలోలు. ‘‘వీడి ఒళ్లుకి 33 ఉండాలి. ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో అబద్ధం చెప్పకుండా కాగితం మీద రాయండి’’ అని తెల్లకాగితం ఇచ్చారు.

ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. నేను: పొద్దున ఒక కప్పు, రాత్రి ఒక కప్పు డాగ్ ఫుడ్. ‘‘కప్పు అంటే ఏ కప్పు?’’ అన్నారు డాక్టరుగారు. నిజమే, ప్యాకెట్ మీద రాసిన కప్పు వేరు, నేను వాడేది మా ఆయన కాఫీ మగ్గు, అదీ గోపురంలా నింపి. మా ఆయన: రాత్రిపూట పళ్లకి మంచిదని ఒక నమిలే స్టిక్. మావాడు: బ్రెడ్ అంచులు, ఒక చీజ్ స్లైస్. పనమ్మాయి: తన టిఫిన్‌లోంచి రెండు ఇడ్లీలు. నాన్న: పొద్దున కాఫీతో అయిదు గ్లూకోజ్ బిస్కెట్లు, సాయంత్రం టీతో అయిదు, మధ్యాహ్నం పప్పన్నంలో ముందు వాడికో నెయ్యి ముద్ద, రాత్రి గిన్నెలో పెరుగన్నం.

అన్నీ కూడితే రోజుకి 2,400 క్యాలరీలు దాటాయి. లడ్డూ సైజులో ఉండి, సాయంత్రం అరగంట నడిచి, మిగతా టైమంతా సోఫా కింద పడుకునే కుక్కకి 1,400 ప్రాంతంలో చాలు. అంటే ఇంచుమించు ఇంకో కుక్కకి సరిపడా తిండి వీడి పొట్టలోకే వెళ్తోంది. తమాషా ఏంటంటే, మాలో ఎవరూ ఎక్కువేం పెట్టలేదు. ‘నేను పెట్టేది కొంచెమేగా’ అని అందరం అనుకున్నాం. అయిదు కొంచేలు కలిసి అంతయ్యాయి.

ఇంటికొచ్చాక నాన్న బిస్కెట్ డబ్బా తీసి అటక మీద పెట్టేశారు. ‘‘ఇక నేనేం పెట్టను తల్లీ. నా వల్లే వాడికి ఇంత ప్రాణం మీదికొచ్చింది’’ అన్నారు. మర్నాటి నుంచి కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లడం మానేసి, గదిలోనే తాగడం మొదలుపెట్టారు. లడ్డూ తలుపు బయట కూర్చుని గోకేవాడు. ఆయన తీసేవారు కాదు. ఎదురుపడితే వాడు బిస్కెట్ అడుగుతాడు, పెట్టకుండా ఉండలేరు.

ఆ పది రోజులు మా ఇంట్లో ఇద్దరు రోగులు.

త్రాసు తెచ్చింది నాన్నే

మా నాన్న తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా కిరాణా కొట్లలో త్రాసులు, బంకుల్లో పెట్రోలు కొలతలు తనిఖీ చేశారు. చిన్నప్పుడు మా వీధిలో ఆయన్ని చూస్తే కూరగాయలమ్మే ఆవిడ కూడా తూకం ఇంకాస్త మొగ్గు చూపించి వేసేది. అలాంటి మనిషి తన కుక్కకి మాత్రం గుప్పెళ్లతో, చారెళ్లతో కొలిచారు.

ఒకరోజు నేను ఊరికే అన్నాను, ‘‘నాన్నా, లడ్డూ తిండి కొలవడం నాకు కుదరట్లేదు. పొద్దున హడావుడి. ఎంత పెడుతున్నానో నాకే తెలీదు. మీరు చూస్తారా?’’ అని. ఆయన ఏమీ అనలేదు. సాయంత్రానికి బజారు నుంచి గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు తెచ్చారు. దాని మీద వంద గ్రాముల రాయి పెట్టి, సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షించారు కూడా. పాత ఉద్యోగం మళ్లీ దొరికినట్టుంది ఆయనకి.

తర్వాత డాగ్ ఫుడ్ తూద్దామని సంచి తెమ్మన్నారు. సంచి లేదు. నేను తెస్తున్నది లూజు. మా దగ్గర్లో ఉన్న ఒక షాపువాడు పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన పాలిథిన్ కవర్లో పోసిస్తాడు. కిలోకి కొంత కలిసొస్తుందని రెండేళ్లుగా అదే కొంటున్నాం.

నాన్న మొహం చూడాలి! ‘‘తయారీదారు పేరేది? చిరునామా ఏది? తయారైన నెల ఏది? నికర బరువు ఏది? ఇవేం లేని సరుకు నేనైతే సీజ్ చేసేవాణ్ణి’’ అన్నారు. ప్యాక్ చేసి అమ్మే ఏ సరుకు మీదైనా ఈ వివరాలు ఉండాలని మన దేశంలో ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలున్నాయి. కుక్క తిండి సంచీ దానికి మినహాయింపేం కాదు. బస్తా విప్పి పోసిన మరుక్షణం అవన్నీ గాలికి పోతాయి.

పోయేది కాగితం ఒక్కటే కాదు. డాగ్ ఫుడ్ గింజల మీద కొవ్వు పూత ఉంటుంది. గాలి, వేడి, వెలుతురు తగిలితే ఆ కొవ్వు మిరుగుతుంది, విటమిన్లు తగ్గుతాయి. చెమ్మ తగిలితే బూజు. మొక్కజొన్న లాంటి ధాన్యాల్లో ఒకరకం బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2020 చివర్లో అమెరికాలో అఫ్లటాక్సిన్ చేరిన ఒక రకం డాగ్ ఫుడ్ తిని వందకి పైగా కుక్కలు చనిపోయినట్టు అక్కడి ఎఫ్‌డీఏకి ఫిర్యాదులందాయి. అప్పుడు జనం ఇంట్లో సంచి తీసి బ్యాచ్ నంబరు సరిచూసుకున్నారు. లూజు కొన్నవాళ్లు ఏం చూసుకుంటారు?

అప్పట్నుంచీ మేం చిన్న సంచే కొంటున్నాం, నెలా నెలన్నరలో అయిపోయేలా. గింజల్ని డబ్బాలో పోయం. సంచిని సంచిలాగే, మూతి మడిచి, డబ్బాలో పెడతాం. బ్యాచ్ నంబరు, గడువు తేదీ దానితోనే ఉంటాయి.

భూతద్దం పెట్టి చదివితే

కొత్త సంచి ముందువైపు అంతా పండగే. ఎర్రటి మాంసం ముక్క, పక్కనే క్యారెట్లు, మెరిసే బొచ్చున్న కుక్క, ‘ప్రీమియం’, ‘హోలిస్టిక్’ అని బంగారు అక్షరాలు. నాన్న దాన్ని తిప్పేశారు. ‘‘కొట్టువాడు ముందువైపు చూపించినప్పుడు మనం వెనకవైపు చూడాలి’’ అంటూ భూతద్దం తీశారు. ఆయనతో పాటు నేనూ నేర్చుకున్నాను.

అన్నిటికంటే ముందు వెతకాల్సింది, అది ‘సంపూర్ణ, సమతుల ఆహారం’ అవునా కాదా అన్న ఒక్క వాక్యం. అంటే వేరే ఏం పెట్టకపోయినా కుక్కకి కావాల్సిన పోషకాలన్నీ అందులో ఉన్నాయని కంపెనీ చెబుతోందన్నమాట. ఏ వయసుకో కూడా అక్కడే ఉంటుంది. కూనకా, పెద్దదానికా? పెద్ద జాతి కూనలకైతే ఇది మరీ ముఖ్యం. క్యాల్షియం ఎక్కువైనా వాటి ఎముకలు వంకర పోతాయి. ఆ వాక్యం లేకుండా ‘కాంప్లిమెంటరీ’ అనో ‘ట్రీట్’ అనో ఉంటే, అది భోజనం కాదు, చిరుతిండి. బంగాళాదుంప చిప్స్ తిని కడుపు నింపుకున్నట్టు.

దిగుమతి సరుకు మీద ఆఫ్కో అనే అమెరికా సంఘం పేరు కనిపిస్తుంది. యూరప్ సరుకైతే ఫెడియాఫ్. ఇవి ఏ ఆహారాన్నీ పరీక్షించి ముద్ర వేసేవి కావు. పోషకాల కొలతలు నిర్ణయించేవి. మన బీఐఎస్‌కి కూడా కుక్కల, పిల్లుల ఆహారానికి ఒక ప్రమాణం ఉంది. ‘ప్రీమియం’, ‘హోలిస్టిక్’ మాటలకి మాత్రం ఆఫ్కో కొలతల్లో అర్థమేం లేదు. వేసుకున్నవాడిదే మాట.

పేర్లలోనూ తిరకాసు ఉంది. ఆఫ్కో పద్ధతిలో ‘చికెన్ ఫ్లేవర్’ అంటే చికెన్ రుచి తగిలితే చాలు. ‘విత్ చికెన్’ అంటే నూటికి 3 పాళ్లు ఉంటే సరిపోతుంది. ‘చికెన్ డిన్నర్’ అంటే 25 పాళ్లు. మాట ఒక్కటి మారితే మాంసం ఇన్ని రెట్లు మారుతుందని మాకు అప్పటిదాకా తెలీదు.

తర్వాత దినుసుల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. ‘తాజా చికెన్’ మొదట ఉంటే మనం మురిసిపోతాం. కానీ పచ్చి మాంసంలో మూడొంతులకి కాస్త తక్కువగా నీళ్లే. గింజ ఎండేసరికి ఆ బరువంతా పోతుంది. ‘చికెన్ మీల్’ అంటే నీరు, కొవ్వు తీసేసిన మాంసం పొడి. వినడానికి బాగోదు గానీ, మంచిచోట తయారైతే మాంసకృత్తులు దాన్లోనే దట్టంగా ఉంటాయి.

శాతాల దగ్గర నాన్న నాకో లెక్క చెప్పారు. గ్రేవీ ప్యాకెట్ మీద ప్రొటీన్ 8 శాతం, పొడి ఆహారం మీద 24 శాతం ఉంది. ఏది ఎక్కువ? నేను 24 అన్నాను. ‘‘నీళ్లు తీసేసి చూడు’’ అన్నారు. గ్రేవీలో 80 పాళ్లు నీరు. మిగిలిన 20లో 8 అంటే 40 శాతం. పొడి ఆహారంలో నీరు 10 పాళ్లు. మిగిలిన 90లో 24 అంటే 27 శాతం కూడా లేదు. పాలల్లో నీళ్లు కలిపినవాళ్లని పట్టుకున్న మనిషికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

అయితే శాతం బాగుంటే సరుకు బాగున్నట్టేనా? కాదు. ఆ ‘క్రూడ్ ప్రొటీన్’ అంకె ప్రొటీన్‌ని నేరుగా కొలిస్తే వచ్చేది కాదు. నైట్రోజన్‌ని కొలిచి, 6.25తో హెచ్చవేస్తారు. 2007లో చైనా నుంచి అమెరికా వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో ఈ కిటుకునే వాడుకున్నారు. నైట్రోజన్ ఎక్కువుండే మెలమైన్ అనే రసాయనం కలిపారు. పరీక్షలో ప్రొటీన్ ఎక్కువ కనిపించింది. తిన్న కుక్కలకి, పిల్లులకి మూత్రపిండాలు పాడయ్యాయి. మార్కెట్లోంచి ఎన్నో బ్రాండ్ల ఆహారాన్ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ‘‘ఇది దొంగ తూకంరాళ్ల కంటే ఘోరం’’ అన్నారు నాన్న. అందుకే అంకెతో పాటు తయారీదారు ఎవరు, ఫోన్ చేస్తే జవాబు చెబుతారా, పోషకాహార నిపుణులు వాళ్ల దగ్గర ఉన్నారా అన్నదీ చూడాలి. నేనూ రెండు కంపెనీల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. వంద గ్రాములకి క్యాలరీలెన్ని అని అడిగితే ఒకచోట అప్పుడే చెప్పారు. రెండోచోట ‘కనుక్కుని చెబుతాం మేడమ్’ అన్నారు, ఇంతవరకు చెప్పలేదు. మొదటివాళ్ల దగ్గరే కొంటున్నాం.

మన పెరుగన్నం మాటేంటి?

‘‘మా ఊళ్లో కుక్కలన్నీ పెరుగన్నం తినే బతికాయి కదమ్మా’’ అని నాన్న అడగకుండా ఉంటారా? అదే డాక్టరుగారిని అడిగాం.

అన్నం కుక్కకి విషమేం కాదు. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక సంగతి రాశారు. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో కంటే కుక్కలో చాలా ఎక్కువ ప్రతులుగా ఉందట. వేల ఏళ్లుగా మన ఇంటి ముందు మన మెతుకులు తిని, వాటి ఒళ్లే మారింది. అందుకే ధాన్యం అసలే కూడదన్న ‘గ్రెయిన్ ఫ్రీ’ ప్రచారానికి అందరూ పరుగెత్తక్కర్లేదు. పైగా బఠాణీలు, పప్పులు దట్టించిన అలాంటి ఆహారాలకి, కుక్కల్లో గుండె కండరం బలహీనపడే జబ్బుకి సంబంధం ఉందేమోనని ఎఫ్‌డీఏ 2018లో ఆరా తీయడం మొదలుపెట్టింది. తిండే కారణమని ఇప్పటికీ తేలలేదు. కానీ ధాన్యం లేకపోతేనే మంచిదన్న మాటా తేలలేదు.

మరి పెరుగన్నం తప్పెక్కడ? అదొక్కటే పెడితే మాంసకృత్తులు, ఇనుము, జింక్, మంచి కొవ్వులు చాలవు. కోడి ముక్కలు, పసుపు, అన్నం కలిపి ఉడికించి పెట్టేవాళ్లూ మన ఊళ్లలో చాలామంది. అందులో క్యాల్షియం బాగా తక్కువ. కూనలకి అదే ఏడాది పొడుగునా పెడితే కాళ్లు వంగుతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పశువైద్యులు 2013లో పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 ఇంటి వంటకాలు పరీక్షించారు. 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకమైనా తక్కువే. అంటే ఇంట్లో వండకూడదని కాదు. వండితే పశువైద్యులతో కూర్చుని, క్యాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో గ్రాముల్లో రాయించుకుని వండాలి. చెయ్యి వాటంగా వండేది మనకి, కుక్కకి కాదు.

ఇంకోటి. మన పెరుగన్నంలో పోపు ఉంటుంది, పచ్చిమిర్చి ఉంటుంది, ఉల్లిపాయ ముక్కలుంటాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలని పగలగొడతాయి. పచ్చివైనా, కూరలో ఉడికినవైనా అంతే. పాయసంలో, కేసరిలో వేసే కిస్‌మిస్, మామూలు ద్రాక్ష మూత్రపిండాలకి ప్రమాదం. చాక్లెట్ గుండెకి, నరాలకి. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్‌లలో ఉండే జైలిటాల్ కొంచెం తిన్నా రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. ఉడికిన ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఈ అయిదూ రాసి వంటగది తలుపు మీద అంటించాం, పనమ్మాయికీ చుట్టాలకీ కనబడేలా.

చిరుతిండికి పదో వంతు

ట్రీట్స్ దగ్గరే అందరం బోల్తా పడతాం. రోజు మొత్తం క్యాలరీల్లో పదో వంతుకి మించకూడదన్నది పశువైద్యులు చెప్పే లెక్క. లడ్డూకి బరువు తగ్గడానికి రోజుకి వెయ్యి క్యాలరీలు రాశారు. అంటే ట్రీట్స్‌కి వంద. ఒక గ్లూకోజ్ బిస్కెట్ ఇరవైకి పైనే. చెంచాడు నెయ్యి అనుకుంటూ పెద్ద గరిటెతో వేస్తే అదొక్కటే వంద దాటుతుంది. నాన్న పది బిస్కెట్లంటే రెండు రోజుల కోటా.

కొనే ట్రీట్స్‌లోనూ వెనకవైపు చదవాలి. ఎండబెట్టిన మాంసం పట్టీలు, జెర్కీ అంటారే, అవి తిన్న కుక్కలకి జబ్బు చేస్తోందని 2007 నుంచి అమెరికాలో ఫిర్యాదులొచ్చాయి. ఎక్కువగా చైనాలో తయారైనవి. 2014 నాటికి వెయ్యికి పైగా కుక్కలు చనిపోయినట్టు ఫిర్యాదులు అందినా, కచ్చితమైన కారణం ఎఫ్‌డీఏ కనిపెట్టలేకపోయింది. ఎక్కడ తయారైంది, ఎవరు చేశారు అని రాయని పట్టీని మేమిప్పుడు ఇంట్లోకి రానివ్వం.

పచ్చితోలుతో చేసే నమిలే బొమికలు నానితే పెద్ద ముక్కగా ఊడి గొంతులో, పేగులో అడ్డం పడొచ్చు. మరీ గట్టివి పళ్లు విరగ్గొడతాయి. డాక్టరుగారు ఒక చిట్కా చెప్పారు. బొటనవేలి గోరుతో నొక్కితే నొక్కు పడాలి. పడకపోతే కుక్కకి ఇవ్వొద్దు. మా ఆయన తెచ్చిన ఒక ‘ఎముక’ని గోరుతో నొక్కబోతే గోరే విరిగింది. అది అలాగే చెత్తబుట్టలోకి వెళ్లింది.

డబ్బు పెట్టి కొనక్కర్లేని ట్రీట్స్ కూడా ఉన్నాయి. కీరా ముక్క, ఉడికించిన బీన్స్, క్యారెట్, గింజలు తీసిన ఆపిల్ ముక్క. లడ్డూకి కీరా అంటే ప్రాణం. నాన్నకి ఈ సంగతి తెలిసిన రోజు ఆయన గది తలుపు తెరుచుకుంది.

రెండేళ్లు ఎక్కువ

ఇంత లెక్క అవసరమా అని మా చుట్టాలంటారు. కుక్కని కడుపు మాడ్చి పెంచుతున్నామని మా అత్తయ్య ముఖం మీదే అనేసింది. ఆవిడకి నాన్న చెప్పే జవాబు ఒక్కటే.

అమెరికాలో ఒక డాగ్ ఫుడ్ కంపెనీ పరిశోధకులు 48 ల్యాబ్రడార్ కూనల్ని జంటలుగా విడదీసి, బతికినంతకాలం గమనించారు. జంటలో ఒకదానికి పెట్టిన దానికంటే రెండోదానికి పాతిక శాతం తక్కువ పెట్టారు. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవి సగటున ఇంచుమించు రెండేళ్లు ఎక్కువ బతికాయి. 11.2 ఏళ్లకి బదులు 13. కీళ్లనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. ఏ ఖరీదైన దినుసూ కలపలేదు. అదే తిండి, కాస్త తక్కువ.

మీ కుక్క బరువు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోడానికి మిషన్ అక్కర్లేదు. పక్కటెముకల మీద చేత్తో మెల్లగా రాయండి. నొక్కకుండానే ఎముకలు వేళ్లకి తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి లోపలికి పోవాలి. తిండి మార్చాలంటే ఒక్కరోజులో మార్చకండి. వారం పదిరోజులు పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ రండి. బరువు తగ్గించాలంటే వారానికి ఒంటి బరువులో ఒక శాతం, మహా అయితే రెండు శాతం చాలు. ముందు మాత్రం డాక్టరుకి చూపించండి.

లడ్డూ 33 కిలోల 600 గ్రాములకి రావడానికి ఆర్నెల్లు పైనే పట్టింది. మెట్లెక్కేటప్పుడు ఆయాసం పోయింది. నాన్న దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. తేదీ, బరువు, పెట్టింది ఎంత, అన్నీ గీతలు గీసిన గళ్లలో. మొన్న సంక్రాంతికి మా ఆయన దొంగచాటుగా ఒక అరిసె ముక్క వేస్తే, అది కూడా ‘అనధికారం’ అని ఎర్రసిరాతో రాశారు.

రోజూ పొద్దున ఆయన 270 గ్రాములు తూస్తారు. అందులోంచి 30 గ్రాములు తీసి చిన్న స్టీలు డబ్బాలో పోసుకుంటారు. ఒకప్పుడు అమ్మ వక్కపొడి వేసుకున్న డబ్బా అది. కాఫీ గ్లాసు, డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్తారు. లడ్డూ ముందు కూర్చుంటాడు. ఒక్కో గింజ తీసి పెడతారు. అవి వాడి గిన్నెలోవే, వాడి భోజనంలోవే. అయినా గిన్నెలోవాటి కంటే ఇవే వాడికి రుచి. గింజకీ గింజకీ మధ్య వాడికి ఊళ్లో సంగతులన్నీ చెబుతారు. ముప్ఫై గ్రాములు అవడానికి ముప్పావుగంట పడుతుంది.

బిస్కెట్ డబ్బా ఇంకా అటక మీదే ఉంది.